ఏడాది పొడుగునా వాన చెప్పిన గడియారం

మా ఇంట్లో ఒక గడియారం ఉండేది. అది పొద్దు చెప్పేది కాదు, వాన చెప్పేది. ఏడాది పొడుగునా చెప్పేది. పాలమూరులో పుట్టి పెరిగినవాళ్ళకు ఇందులో నవ్వేమిటో విడమరచి చెప్పనక్కరలేదు. బయటివాళ్ళ కోసం చెబుతాను. మా గద్వాల కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల. రెండు పక్కలా రెండు నదులు పారుతుంటాయి, నడుమ మేం మబ్బుల కేసి చూస్తుంటాం. వాన మా ఊళ్ళో పెళ్ళికి రాని చుట్టం లాంటిది. అందరూ అడుగుతారు, వస్తున్నాడనే చెబుతారు. అలాంటి ఊళ్ళో ఒక యంత్రం గోడకు వేలాడుతూ నడి ఎండాకాలంలో కూడా "చాలా వాన" అంటుంటే ఎవరైనా ఏం చేస్తారు? మా నాయన నమ్మాడు.

నేను చదివింది రెండో తరగతి వరకే. నేతకు నూలు కండెలు చుట్టడానికి ఇంట్లో ఒక చెయ్యి తక్కువైందని ఆ తర్వాత మాన్పించారు. అందుకని ఏది ఏ సంవత్సరంలో జరిగిందో చెప్పలేను. కానీ ఎవరు ఏమన్నారో, అన్నప్పుడు వాళ్ళ నోట్లో ఏం నములుతున్నారో చెప్పగలను. పెద్ద యుద్ధం ఇంకా రాలేదు. నూలు బజారులో దొరుకుతూనే ఉండేది. నిజాం రాజ్యంలో మాదొక సంస్థానం, సంస్థానంలో మాదొక సాలెల వీధి.

గడియారం మాకెలా వచ్చిందంటే, సంస్థానంలో రోడ్లూ చెరువు కట్టలూ చూసే ఓవర్సీరు ఒకాయన ఉండేవాడు. బందరు మనిషి. ఆయన ఉద్యోగం చాలించుకొని ఊరికి పోతూ, భార్యకు నేయించిన చీర తెచ్చిన నాయనను కూర్చోబెట్టి, గోడ మీది నుంచి ఈ ఇత్తడి బిళ్ళను దించి చేతిలో పెట్టాడు. జొన్నరొట్టె అంత ఉండేది. ముందు అద్దం, అద్దం లోపల ఒక నల్ల ముల్లు, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు.

"బందర్లో ఉన్నన్నాళ్ళూ బుద్ధిగా పనిచేసిందయ్యా. ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ దీనికేదో జబ్బు చేసింది. నువ్వే ఉంచుకో" అన్నాడట.

ఇచ్చేవాళ్ళు తాము ఇచ్చేదాన్ని కాస్త తక్కువ చేసి చెప్పడం మర్యాద కదా, అందుకని నాయన ఆ జబ్బు మాట పట్టించుకోలేదు. ఓవర్సీరు వేలు పెట్టి చూపిస్తూ చుట్టూ ఉన్న మాటలన్నీ చదివి వినిపించాడు. ఎడమ పక్క కింద తుఫాను. దాని పైన చాలా వాన. ఆ పైన వాన. నడినెత్తిన మార్పు. అక్కడి నుంచి కుడివైపు ఎండ, నిలకడ ఎండ, మహా ఎండ. "ఇది గాలి బరువు తూచే యంత్రం. ముల్లు ఎక్కితే ఎండ, దిగితే వాన. అంతే" అన్నాడు. అప్పుడు ముల్లు "చాలా వాన" మీద ఉంది.

నాయన దాన్ని తెచ్చి, నేసేవాడు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంట ఎదురుగా గోడకు మేకు కొట్టి తగిలించాడు. గాలిని తూస్తుంది కనుక వీధి దానికి గాలి గడియారం అని పేరు పెట్టింది. అది భాద్రపదం. తూర్పు సముద్రంలో ఎక్కడో వాయుగుండం తిరిగిందేమో, గడియారం ఇంటికి వచ్చిన మర్నాడే ముసురు పట్టింది. వారమంతా విడవలేదు. గోడలు చెమ్మగిల్లి మగ్గం పలకలు ఉబ్బిపోయాయి. జనం గొడుగులూ గోనెసంచులూ కప్పుకొని వచ్చి అద్దంలోకి తొంగి చూసి, నాయనను ఇంతకు ముందు లేని గౌరవంతో చూసి పోయారు. మనిషికైనా యంత్రానికైనా మంచి పేరు మొదటి వారంలో వస్తే చాలు. తర్వాత అది ఏం చేసినా చెల్లుతుంది.

ముసురు పోయింది. ముల్లు మాత్రం పోలేదు. చలికాలంలో ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటే, "చాలా వాన" దాటి "వాన" కేసి కొంచెం జరిగి అక్కడ ఆగింది. ఎదురింటి పెద్దనాయన, అంటే మా నాయనకు పెదతండ్రి కొడుకు, రోజూ పొద్దున వచ్చి అడిగేవాడు.

"ఏం తమ్మీ, మీ గడియారం ఇయ్యాల ఏమంటుంది?"

"వాన అంటుందన్నా."

"యాడ?"

ఇక్కడే నాయన చిక్కులో పడ్డాడు. కానీ ఆయన తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. బజారుకు వచ్చిన బండ్లవాళ్ళను నిలబెట్టి అడగడం మొదలుపెట్టాడు. రాజోలి నుంచి వచ్చినవాడు లేదంటే కొల్లాపూర్ వాణ్ణి, వాడూ లేదంటే నాగర్‌కర్నూల్ వాణ్ణి. ఎవరూ దొరక్కపోతే అమ్రాబాద్ అడవి ఎలాగూ ఉంది. ఆ కొండల మీద ఎప్పుడో ఒకప్పుడు నాలుగు చినుకులు రాలకపోవు. "అమ్రాబాద్ దిక్కు పడ్డదంట" అని తృప్తిగా వచ్చి గుంటలో దిగి కూర్చునేవాడు.

"అయితే గడియారం అమ్రాబాద్‌ల కట్టుకోవాల్సింది. మనింట్ల ఎందుకు?" అనేది అమ్మ.

ఎండాకాలం వచ్చింది. ఎండ ముదిరినకొద్దీ ముల్లు "చాలా వాన" దాటి కిందికి, తుఫాను కేసి జరిగింది. నేల పెనంలా కాలుతుంటే, కాకి నోరు తెరుచుకొని చూరు కింద కూర్చుంటే, నాయన తుఫాను వస్తుందని ఇంటి రేకులకు తాళ్ళు కట్టాడు. వీధిలో అందరికీ కట్టుకోమని చెప్పాడు. మా అవ్వ, అంటే నాయనమ్మ, ఆ తాళ్ళ మీద బట్టలు ఆరేసుకుంది. తుఫాను రాకపోయేసరికి వీధి గడియారాన్ని తిట్టసాగింది.

"కొడుకులారా, దీన్ని గట్ల తిట్టకండి. ఆకలైనోడు అన్నం అన్నం అనడా? ఇది గూడ గంతే. లేనిదాన్ని అడుగుతుంది" అని తేల్చింది అవ్వ. ఆ తర్వాత చాలా ఏళ్ళు గడియారం గురించి నాకు తెలిసిన శాస్త్రం ఇదే. ఇప్పటికీ ఇందులో పెద్ద తప్పేమీ కనిపించదు.

ఇంతవరకైతే ఇది వీధి నవ్వుకునే సంగతి. నవ్వు ఆగిపోయింది మరుసటి ఆషాఢంలో.

మా నాయన అప్పటిదాకా సావుకారు నూలు మీద, సావుకారు కొట్టంలో, సావుకారు చెప్పిన చీర నేసేవాడు. ఆ కొట్టంలో వరసగా మగ్గం గుంటలు, గుంటకొక మనిషి. ఇంట్లో ఉన్న మగ్గం ఖాళీ వేళల్లో తువ్వాళ్ళు నేయడానికి. ఆ ఏడు నాయన ధైర్యం చేశాడు. వనపర్తిలో ఒక ఇంటివాళ్ళు శ్రావణంలో పెళ్ళి పెట్టుకొని, పెళ్ళికూతురి చీర నేరుగా నాయనను అడిగారు. ఆవపువ్వు రంగు ఒళ్ళు, ఎర్ర పట్టు అంచు, జరీ కొంగు. నాయన సొంతంగా నూలు కొన్నాడు, పట్టు కొన్నాడు, సావుకారు కొట్టానికి పోవడం మానేశాడు. చీర వేళకు అందితే ఆ ఇంటివాళ్ళూ వాళ్ళ చుట్టాలూ ఇక మా గడపకే వస్తారు. అందకపోయినా పడుగు పాడైనా మళ్ళీ నూలు కొనే శక్తి లేదు. సావుకారు గుంటలోకి తిరిగి దిగాల్సిందే.

సావుకారు మంచి మాటల మనిషి. కోపం చేసుకోలేదు. "పోయిరా. నీ గుంట యాడికి పోతది? రోజూ ఊడ్పిస్తనే ఉంటలే" అన్నాడు. ఆ మాటకు అమ్మకు అన్నం సయించలేదు.

పడుగు అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. మగ్గం మీద నిలువుగా సాగే దారాలన్నీ కలిపి పడుగు. మా గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ నూలు పడుగును మగ్గానికి ఎక్కించే ముందు వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి చాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. గంజి పడితేనే దారానికి బలం. ఇది ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. వీధి వీధంతా రావాలి, రావాలంటే ముందు రోజే చెప్పుకోవాలి. నూకలు పొద్దున నానబోసి మధ్యాహ్నం రుబ్బాలి, ఆ పిండి మర్నాడు పొద్దున గంజి కావాలి. ఆలస్యమైతే పులిసిపోతుంది. అన్నిటికీ మించి ఆకాశం దయ ఉండాలి. చినుకు పడితే గంజి కారిపోతుంది. ఆషాఢంలో మా ఊళ్ళో వీచే పడమటి గాలి మరీ జోరందుకుంటే గంజి ఒక్కసారిగా ఎండి దారాలు పుటుక్కుమంటాయి. తెల్లవారిన కాసేపు గాలి సన్నగా ఉంటుంది. ఆ కాసేపట్లోనే కావాలి.

అంతకు ముందు మా వీధిలో మబ్బు చూసి, గాలి చూసి, పెద్దవాళ్ళు ఊ అంటే పడుగు చాచేవాళ్ళు. ఒకోసారి తడిసేది, ఎక్కువసార్లు తడిసేది కాదు. కానీ నాయన చేతిలో ఇప్పుడు యంత్రం ఉంది. సొంత మగ్గం మీద మొదటి పడుగు. ఊరికే ఊ అని ఎలా చాస్తాడు?

నాయన పద్ధతి ఇది. పొద్దున రొట్టె తిన్నాక తాంబూలం వేసుకునేవాడు. వేసుకుంటూ వేలికంటిన సున్నంతో గడియారం అద్దం మీద, ముల్లు మొన ఎక్కడుందో అక్కడ ఒక బొట్టు పెట్టేవాడు. పొద్దు వాలబోతుంటే అరుగు మీది నుంచి లేచి వచ్చి చూసేవాడు. ముల్లు బొట్టు కన్నా ఎక్కి ఉంటే రేపు ఎండ, దిగి ఉంటే రేపు వాన. ఓవర్సీరు చెప్పిన లెక్కే.

ముల్లు దిగి ఉండేది. జొన్నగింజంత దిగి ఉండేది.

"పిండి రుబ్బినవా?" అని అడిగేవాడు అమ్మను.

"రుబ్బిన."

"రేపు వద్దు. ముల్లు దిగింది."

నాయన వీధిలోకి పోయి రేపు లేదని చెప్పి వచ్చేవాడు. మర్నాడు పొద్దున ఆకాశం అద్దంలా ఉండేది. గాలి సన్నగా, పడుగు చాచడానికి పిలిచినట్టు వీచేది. అమ్మ ఆ పిండిని గంజి కాచి బర్రెకు పోసేది. నాయన మళ్ళీ బొట్టు పెట్టేవాడు, మళ్ళీ నూకలు నానబోయమనేవాడు. పొద్దు వాలేసరికి ముల్లు మళ్ళీ దిగేది.

ఇలా ఎన్నిసార్లయిందో లెక్క పెట్టలేదు కానీ బర్రెను చూస్తే తెలిసేది. మెడ దగ్గర ముడతలు పోయి నిగనిగలాడుతూ తయారైంది. పొద్దెక్కగానే గంజి కోసం అరవడం నేర్చుకుంది. గంజి కుండ చూపిస్తే తప్ప పాలు చేపేది కాదు. అందుకని అమ్మ నూకలు రెండింతలు నానబోయడం అలవాటు చేసుకుంది. ఒక వంతు పడుగుకు, ఒక వంతు బర్రెకు. పడుగు వంతు కూడా చివరికి బర్రెకే పోయేది.

పెద్దనాయనకు ఓపిక పోయింది. "తమ్మీ, నువ్వు పెండ్లిపిల్లకు చీర నేస్తున్నవా, మీ బర్రెను పెండ్లికి తయారు చేస్తున్నవా?"

"ముల్లు దిగుతుందన్నా. నేనేం చేయాలె?"

"వాన పడిందా?"

"మనకాడ పడలే. రాజోలి దిక్కు మబ్బు పట్టిందంట."

"అయితే రాజోలోళ్ళను పడుగు సాపొద్దని చెప్పు. మనం సాపుదాం."

నాయన వినలేదు. ఆయన మొండివాడని అనుకోకండి, భయపడ్డాడు. సావుకారు నూలు తడిస్తే సావుకారుకు నష్టం, తిట్లతో పోతుంది. ఇది సొంత నూలు. భయపడినవాడికి తన కళ్ళ కన్నా గోడ మీది ముల్లు గట్టిగా కనబడుతుంది. శ్రావణం దగ్గర పడుతోంది. వనపర్తి నుంచి ఒక మనిషి వచ్చి చీర ఎంతవరకు వచ్చిందని అడిగి, మగ్గం ఖాళీగా ఉండటం చూసి, మంచినీళ్ళు తాగి పోయాడు. సావుకారు ఒకరోజు వీధిలో కనబడి, "గుంట ఊడ్పిచ్చిన. చాప గూడ కొత్తది ఏయించిన" అన్నాడు ప్రేమగా.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మ పిండి రుబ్బుతూ రుబ్బుతూ చెయ్యి ఆపి, గడియారం కేసి చాలాసేపు చూసింది. ఆమెకు గాలి బరువు తెలియదు, ఇంగ్లీషు తెలియదు. కానీ పొద్దున ఊడ్చేటప్పుడు ఒకసారి, రొట్టెలు చేసేటప్పుడు ఒకసారి, పిండి దగ్గర ఒకసారి ఆ ముల్లు కంట పడుతూనే ఉంటుంది కదా. అవ్వతో అంది.

"అత్తా, ఇది రోజూ గంతే. రొట్టెల యాళకు ఎక్కుతది, పొద్దువాలంగ దిగుతది."

"తిన్నంక ఎవరైనా జర ఒరుగుతరు గదనే. దానికి మాత్రం నడుము లేదా?" అంది అవ్వ, తాను ఒరుగుతూ.

అమ్మ లేచి, చెంగు తడిపి, నాయన పొద్దున పెట్టిన సున్నపు బొట్టును శుభ్రంగా తుడిచేసింది. సాయంత్రం నాయన అరుగు మీది నుంచి లేచి వచ్చాడు. బొట్టు లేదు.

"ఎవరు తుడిచిన్రు?"

"అత్త దుమ్ము దులిపింది" అంది అమ్మ.

అవ్వ ఆ గడియారాన్ని ఎన్నడూ ముట్టుకున్న పాపాన పోలేదు. ఆమె కోడలి కేసి ఒకసారి చూసింది. మా ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకే మాట మీద నిలబడింది తక్కువ. "దుమ్ము పట్టింది మరి. దులపొద్దా?" అంది.

"ఇప్పుడేం చూడాలె నేను? ఎక్కిందో దిగిందో ఎట్ల తెలుస్తది?" నాయన నిజంగా పరేషాన్ అయ్యాడు.

"ఇప్పుడు పెట్టు బొట్టు. రేపు పొద్దుగాల చూస్తే తెల్వదా" అని సున్నం డబ్బా అందించింది అమ్మ. పక్కనే ఉండి చూస్తున్నాను కాబట్టి చెప్పగలను, డబ్బా మూత ముందే తీసి పెట్టుకుంది.

నాయన బొట్టు పెట్టాడు. మర్నాడు రొట్టె తిని వచ్చి చూశాడు. అద్దం మీద వేలితో కొట్టి మళ్ళీ చూశాడు. ముల్లు బొట్టు మీది నుంచి జొన్నగింజంత పైకి ఉంది.

"ఎక్కింది" అన్నాడు మెల్లగా. ఆషాఢమంతా ఆ మాట ఆయన నోట వినలేదు. అమ్మ అప్పటికే నూకలు నానబోసి ఉంది. సాయంత్రం భయంభయంగా మళ్ళీ చూశాడు. ముల్లు సరిగ్గా నిన్నటి బొట్టు మీదే ఉంది. ఎక్కలేదు, దిగనూ లేదు. "దిగలేదు" అని వీధిలోకి పోయి, రేపు తెల్లారి పడుగు సాపుతున్నామని చెప్పి వచ్చాడు.

వీధి నమ్మలేదు. అదొక చిక్కు. పెద్దనాయన, ఎలాగూ రద్దవుతుందనుకొని పొద్దున తీరిగ్గా లేచి, తీరిగ్గా పండ్లు తోముకొని వచ్చాడు. ఆయన రాకుండా మిగతావాళ్ళు రాలేదు. తెల్లవారుతూనే కావాల్సిన పని పొద్దు బాగా పైకి వచ్చాక మొదలైంది. అయినా ఆకాశంలో మబ్బు తునక లేదు. పడుగు వీధి పొడుగునా చాచారు. ఆవపువ్వు రంగు దారాలు ఎండలో మెరుస్తుంటే సాలెల వీధికి అంచు కట్టినట్టుంది. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు కుంచెలు పట్టుకొని దువ్వుకుంటూ నడుస్తున్నారు. ఆడవాళ్ళు తెగిన దారాలు ముడేస్తున్నారు. సావుకారు ఎందుకో ఆ దారిన వచ్చి, గొడుగు ముడిచి పట్టుకొని నిలబడి చూస్తున్నాడు.

నాయన కుంచె ఇంకొకరి చేతికిచ్చి మాటిమాటికీ లోపలికి పోయి వస్తున్నాడు. గంజి ఇంకా పచ్చిగా ఉండగా ఒకసారి పోయి, నవ్వు ముఖంతో గడపలోకి వచ్చాడు. "ఇంక ఎక్కింది. మస్తు ఎక్కింది" అన్నాడు. ఆ మాట అంటుండగా ఆయన బట్టతల మీద ఒక చినుకు పడింది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేను. పడమటి నుంచి ఒక చిన్న మబ్బు, పొరపాటున ఊరు మారినట్టు, మా వీధి మీదికి వచ్చి నిలిచింది. ఆషాఢపు తుంపర, పెద్ద వానేమీ కాదు. కానీ గంజికి చిన్న వానా పెద్ద వానా అని తేడా తెలియదు. పడుగు మీది నుంచి తెల్లగా పాలలా కారి మట్టిలోకి పోయింది. అందరూ కలిసి పడుగును కర్రలతో సహా చుట్టి అరుగుల మీదికి ఎక్కించేలోగా సగం గంజి నేలపాలైంది. సావుకారు గొడుగు తెరిచాడు.

"ముల్లు ఎక్కిందంటివి కదరా" అన్నాడు పెద్దనాయన, గడ్డం మీది నీళ్ళు తుడుచుకుంటూ.

నాయన అరుగు మీద పడుగు పక్కన కూర్చున్నాడు. సావుకారు దగ్గరకు వచ్చి, "బాధపడకు. రేపటి నుంచే రా" అన్నాడు. ఆ మాటలో చెడ్డతనం లేదు. అదే నాయనకు ఎక్కువ బాధ.

తుంపర వచ్చినంత తొందరగానే పోయింది. ఎండ కాసింది. గాలి సన్నగా తోలుతోంది. దారాలు తెగలేదు, రంగు కారలేదు. పోయింది గంజి ఒక్కటే. ఇప్పుడే మళ్ళీ గంజి పట్టిస్తే పడుగు దక్కుతుంది. మర్నాటికి ఆగితే తడి దారాలు ఒకదానికొకటి అంటుకొని ముద్దవుతాయి. కానీ గంజి అంటే నూకలు నానాలి, రుబ్బాలి, కాగాలి.

అప్పుడు పెరట్లో బర్రె అరిచింది.

రోజూ ఆ వేళకు అది అరిచేదే. అమ్మ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. లోపలికి పోయి, బర్రె వంతు గంజి కుండ రెండు చేతులా పట్టుకొని బయటికి వచ్చింది. ఇంకా తవుడు కలపలేదు, ఉప్పు వేయలేదు. పాత పంచె ఒకటి తెచ్చి వడగట్టసాగింది.

"దానికేం పోస్తవే మరి? పాలు చేపదు" అంది అవ్వ.

"ఇయ్యాల నీళ్ళు తాగుతది. ఇన్ని రోజులు తాగింది చాలదా?" అంది అమ్మ. "ఏమయ్యా, లే. కుంచె పట్టు."

పడుగు మళ్ళీ చాచారు. బర్రె గంజి తాగాల్సిన పొద్దున పెళ్ళికూతురి చీర తాగింది. బర్రె మధ్యాహ్నం దాకా అరుస్తూనే ఉంది, మేం దువ్వుతూనే ఉన్నాం. ఆలస్యంగా వచ్చింది తానే కాబట్టి పెద్దనాయన ఆ రోజు కుంచె దించలేదు. సావుకారు కొంతసేపు చూసి, గొడుగు మడుచుకొని వెళ్ళిపోయాడు. నాయనకు మాత్రం ఒక నమ్మకం కుదిరింది. ముల్లు చెప్పింది నిజమే, తుంపర పోతుందని ముందే చెప్పిందట. రెండుసార్లు గంజి తాగిన దారం మగ్గం మీద ఒక్కటి తెగకుండా నడిచింది.

శ్రావణంలో చీర తీసుకుపోవడానికి వనపర్తి నుంచి పెళ్ళికూతురి పెదనాన్న వచ్చాడు. అక్కడి బడిలో పంతులు. రైలు దిగి, కాళ్ళు కడుక్కొని, చీర మడతలు విప్పించి చూసి, తల ఊపి, తన తోడికోడలికీ ఒకటి కావాలని భార్య చెప్పమందన్నాడు. అమ్మ లోపలికి పోయి పొయ్యి ముందు కాసేపు ఊరికే కూర్చుంది. అప్పుడే పంతులు చూపు గోడ మీదికి పోయింది.

పంతులుకు ఏదైనా తెలిసి ఉండటం కన్నా అది చెప్పడం ఎక్కువ ఇష్టం. అమ్మ వడ్డించిన అన్నం చల్లారిపోతున్నా ఆయన ఆపలేదు. పెట్టెలో చీరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే మన నెత్తిన గాలి పేర్చి ఉందట. అన్నిటికన్నా అడుగు చీర మీద ఎక్కువ బరువు పడుతుంది. ఆ అడుగు చీర సముద్రపు ఒడ్డు, ఈ గడియారం ఆ ఒడ్డు కోసం చేసింది. మన గద్వాల పెట్టెలో కాస్త పైకి ఉంది, నెత్తిన చీరలు తక్కువ, అందుకని ముల్లు ఎప్పుడూ కిందే ఉంటుంది. ఎండాకాలంలో ఉత్తర దేశం పెనంలా కాలితే అక్కడి గాలి తేలికై లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది బరువు గాలి పరుగెత్తుకొస్తుంది. అదే మన ఆషాఢపు గాలి. దారిలో పడమటి కొండలు దాన్ని తడి చీర పిండినట్టు పిండేసుకొని, ఉత్త గాలిని మనకు వదిలిపెడతాయి. మనకు తృప్తిగా వాన పడాలంటే తూర్పు సముద్రంలో గాలి బరువు తగ్గి గుండం తిరిగి ఇటు రావాలి.

"మరి రోజూ దిగుడేంది పంతులూ?" అన్నాడు నాయన.

"అది ఎండ పని. సముద్రానికి పోటూ పాటూ ఉన్నట్టే గాలికీ ఉంటది. పొద్దుగాల ఎక్కుతది, పొద్దువాలంగ దిగుతది. దానికి వానతోని పని లేదు. గీ సంగతి తెల్వనోడు రోజూ రేపు వాన అనుకొని కూసుంటడు" అని పంతులు గట్టిగా నవ్వాడు.

నాయన నవ్వలేదు. అద్దం మీది సున్నపు బొట్టును చూశాడు. తర్వాత అమ్మను చూశాడు. అమ్మ పప్పు గిన్నెలో గరిటె తిప్పుతోంది, ఆ గిన్నెలో తిప్పడానికి ఏమీ మిగల్లేదు.

"అమ్మా, ఆ రోజు దుమ్ము దులిపింది నువ్వేనా?" అన్నాడు అవ్వతో.

"నేనే. మళ్ళ పడితే మళ్ళ దులుపుత" అంది అవ్వ.

పంతులు చెయ్యి కడుక్కొని గడియారం దించి వెనక్కి తిప్పాడు. అక్కడొక చిన్న మర ఉందట. తిప్పితే ముల్లు ఊరికి తగ్గట్టు సరిపోతుందట. జేబులోంచి చిన్న చాకు తీశాడు. నాయన ఆ మర మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు పంతులూ."

"ఎందుకయ్యా? ఒక్క నిమిషం పని."

"మర తిప్పితే ఏమంటది?"

"ఏడాదిల శానా మటుకు ఎండ అంటది."

"ఎండ అని మాకు బయటికి పోతే తెలుస్తది" అన్నాడు నాయన. "ఈ పాలమూరుల ఏడాదంత వాన అనేటోడు ఇది ఒక్కడే. గట్లనే అననీయండి."

పంతులు చాకు ముడిచాడు. నాయన గడియారాన్ని మళ్ళీ మేకుకు తగిలించాడు. మూట కట్టిన చీరతో పంతులును స్టేషను దాకా సాగనంపి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వస్తూనే అలవాటు కొద్దీ గడియారం ముందు నిలబడ్డాడు, సున్నం డబ్బా కోసం చెయ్యి చాచలేదు. పంతులిచ్చిన డబ్బుతో వస్తూ కొన్న రెండో చీర నూలు చూసుకొని, "రేపు నూకలు నానబొయ్యి. ఎల్లుండి పడుగు సాపుదాం" అన్నాడు.

మర్నాడు పొద్దున అమ్మ రెండు కుండలకు సరిపడా నూకలు నానబోసింది. అన్ని ఎందుకని నాయన అడిగితే, ఒకటి బర్రెకని చెప్పింది.